విశాఖ ఒడ్డు నుంచి గాలం వేయడం ఎలా

సెలవులకు విశాఖపట్నం వచ్చి, ఉత్సాహంగా ఒక రాడ్ కొనుక్కుని, ఆర్కే బీచ్‌లో దిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వీలైనంత దూరం విసిరి, రెండు గంటల తర్వాత వట్టి చేతులతో హోటలుకు తిరిగి వెళ్ళేవారిని నేను తరచుగా చూస్తుంటాను. మొదటి రెండేళ్ళు నేను చేసిందీ అదే. చేప ఎక్కడో లోపల ఉంటుందనీ, ఒడ్డున నిలబడ్డవాడు దాన్ని అందుకోవాలంటే దూరం విసరాలనీ అనుకోవడం సహజమే. కాని ఒడ్డు గాలానికి పడే చేపల్లో చాలా భాగం కెరటం విరిగే చోటుకు కాస్త అటూ ఇటూ, అంటే మీ పాదాల నుంచి ఇరవై ముప్పై మీటర్ల లోపలే మేస్తుంటాయి. కెరటం ఇసుకను తిరగదోడినప్పుడు బయటపడే చిన్న పీతలు, పురుగులు, గుల్లలే వాటి మేత. అందువల్ల ఈ పనికి భుజబలం కంటే ముందు కావలసింది నీటిని చూడడం. మీకు మూడు రోజుల సెలవు ఉంటే మొదటి సాయంత్రాన్ని గాలం బయటికి తీయకుండా కేవలం చూడడానికే కేటాయించండి. కింద చెప్పే పద్ధతి అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

రోజు, వేళ

ముందుగా గోడ మీది క్యాలెండరులో తిథి చూడండి. విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం) వస్తాయి. పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు వ్యవధి ఉంటుంది కాబట్టి ఈరోజు ఏడు గంటలకు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులపాటు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి చుట్టుపక్కల ఆ తేడా సగానికి పైగా తగ్గిపోతుంది. గుజరాత్ తీరంలో మాదిరిగా ఇక్కడ సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోదు, పెద్ద పోటు రోజుల్లో కూడా ఎత్తులో తేడా సుమారు మీటరున్నర మాత్రమే. అయినా నీరు కదులుతున్నప్పుడు చేప మేతకు తిరుగుతుంది, నీరు నిలిచిపోయినప్పుడు అదీ నిలిచిపోతుంది. పోటు నిండడానికి ముందు రెండు గంటలు, నిండి తిరిగిన తర్వాత ఒక గంట, ఈ మూడు గంటలే మీరు లెక్కలోకి తీసుకోవలసిన వేళ. ఫోన్‌లో పోటు సమయాలు చూపే యాప్‌లు ఉన్నాయి. వాటిలో విశాఖపట్నాన్ని ఎంచుకుంటే చాలు.

ఆ మూడు గంటలు తెల్లవారుజాముతో కలిసిన రోజు దొరికితే దాన్ని వదులుకోకండి. తూర్పు తీరం కావడంతో ఇక్కడ జూన్‌లో ఐదు గంటల ఇరవై నిమిషాలకే సూర్యుడు కనిపిస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. సూర్యోదయానికి ముప్పావు గంట ముందు ఇసుక మీద ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఎండ ఎక్కిన తర్వాత, ముఖ్యంగా నీరు తేటగా ఉన్న రోజుల్లో, ఒడ్డు పక్క చేప లోపలికి తప్పుకుంటుంది. అప్పటికి స్నానాల జనం కూడా దిగుతారు కాబట్టి గాలం ఎలాగూ చుట్టేయవలసిందే.

కాలం విషయానికి వస్తే, కొత్తవారికి జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికంటే అనుకూలమైనవి. సముద్రం అప్పుడు నెమ్మదిగా ఉంటుంది, తీగ చివర బరువుకు కట్టే సీసం విసిరినచోట నిలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలికి కెరటాలు పెద్దవై నీరు మురికిగా ఉంటుంది. చేప ఉండకపోదు గాని, మొదటిసారి వచ్చినవారికి అది తగిన పాఠశాల కాదు. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. ఎక్కడో అండమాన్ దగ్గర వాయుగుండం ఏర్పడినా ఇక్కడ ఎండ కాస్తుండగానే కెరటాలు పెద్దవి అవుతాయి కాబట్టి, ఆకాశాన్ని చూసి నిర్ణయించుకోకుండా వాతావరణ శాఖ హెచ్చరికలనూ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే కెరటాల అంచనాలనూ బయలుదేరే ముందు రాత్రి ఒకసారి చూసుకోవాలి. మత్స్యకారులు వేటకు వెళ్ళవద్దని హెచ్చరిక ఉన్న రోజున మీరు కూడా వెళ్ళవద్దు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం అమలవుతుంది. అది మర పడవలకు, మోటారు బిగించిన పడవలకు సంబంధించినది. ఒడ్డున నిలబడి వేసే గాలానికి సంబంధించినది కాదు. అయితే చేపలు గుడ్లు పెట్టే కాలమనే ఆ నిషేధం పెట్టారు కాబట్టి, గుడ్లతో పొట్ట ఉబ్బిన చేప పడితే తిరిగి నీటిలో వదిలివేయడం న్యాయంగా ఉంటుంది.

ఎక్కడ నిలబడాలి

ఆర్కే బీచ్ చూడడానికి బాగుంటుంది, గాలానికి బాగుండదు. అక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది, కెరటం ఒక్కసారిగా పాదాల దగ్గరే విరుచుకుపడుతుంది, పైగా తెల్లవారకముందే నడకకు వచ్చేవారితో ఇసుక నిండిపోతుంది. రుషికొండలో స్నానాలకు గుర్తించిన ప్రాంతంలో కొక్కెం వేయడం ఇతరుల కాళ్ళకు ప్రమాదం. ఆ బీచ్‌లో ఎప్పుడూ వేయవద్దనే చెబుతాను. ఓడరేవు, నౌకాదళానికి చెందిన స్థలాలు, డాల్ఫిన్స్ నోస్ కొండ పరిసరాలు నిషిద్ధ ప్రాంతాలు. రాళ్ళు బాగున్నాయని ఫోన్‌తో ఫొటోలు తీస్తూ ఆ వైపు వెళ్ళి కాపలావారికి సమాధానాలు చెప్పుకోవడం కంటే అటువైపు చూడకపోవడమే మేలు. యారాడ అందమైన ఒడ్డే గాని అక్కడి కెరటం నమ్మదగినది కాదు. తెలిసినవారు తోడు లేకుండా అక్కడ గాలం వేయవద్దు.

మరి ఎక్కడికి వెళ్ళాలంటే, నగరం నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు దాదాపు 25 కిలోమీటర్ల పొడవునా సముద్రం పక్కనే సాగుతుంది. సాగర్ నగర్ దాటిన తర్వాత జనం పలచబడతారు. రుషికొండ దాటి మంగమారిపేట వైపు వెళితే ఇసుకా రాయీ కలిసిన ఒడ్డు వస్తుంది. నీరు బాగా తీసినప్పుడు అక్కడ రాతి కమాను ఒకటి పూర్తిగా బయటపడుతుంది. ఇటువంటి చోట రాళ్ళ మీద కాకుండా, రాళ్ళు ఆగిపోయి ఇసుక మొదలయ్యే సందులో, ఇసుక మీదే నిలబడి వేయడం కొత్తవారికి సరైన పద్ధతి. రాళ్ళలో ఉండే చేప ఇసుక అంచుకు మేతకు వస్తుంది, మీ సీసం మాత్రం రాళ్ళలో ఇరుక్కోదు. ఇంకా ముందుకు, భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు ఉంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఆ మొగ దగ్గర పండుగప్ప, జెల్ల, పార వంటివి తిరుగుతాయి. ఒక్క రోజే ఉంటే నేను భీమిలికే వెళతాను. అయితే మొగలో పాటు నీరు బయటికి దిగేటప్పుడు ప్రవాహం బలంగా లాగుతుంది కాబట్టి మోకాలు దాటి దిగకూడదు.

ఎక్కడికి వెళ్ళినా అది ఎవరో ఒకరి ఊరు. జాలరిపేటల ముందు తెల్లవారుజామున తెప్పలు, ఫైబర్ పడవలు కెరటం మీద వేగంగా ఒడ్డెక్కుతాయి. ఆ దారికి అడ్డంగా తీగ వేయకూడదు. ఒడ్డున రెండు వైపులా మనుషులు వరుసగా నిలబడి పెద్ద వల లాగుతుంటే ఆ వల బయటికి వచ్చేదాకా కనీసం రెండు వందల మీటర్ల దూరంలో ఉండండి. ఆరబెట్టిన వలల మీద చెప్పులతో నడవవద్దు, పడవ మీద కూర్చోవద్దు. గట్టున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కనిపిస్తే "బాబాయ్, ఇక్కడ గాలం వేసుకోవచ్చా? ఏం పడుతున్నాయి?" అని అడగండి. ఇంతకంటే మంచి సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు, అడిగినందుకు విసుక్కున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

సామగ్రి

పది నుంచి పన్నెండు అడుగుల రాడ్, 4000 లేక 5000 సైజు స్పిన్నింగ్ రీలు, దాని మీద 0.35 మిల్లీమీటర్ల నైలాన్ తీగ రెండు వందల మీటర్లు ఉంటే సరిపోతుంది. రాడ్ పొడవు దూరం విసరడానికన్నా, విరిగే కెరటానికి పైన తీగను ఎత్తి పట్టుకోవడానికి ఎక్కువగా ఉపయోగపడుతుంది. తీగ చివర మరింత లావైన తీగ ఒకటి, రాడ్‌కు రెండింతల పొడవున కట్టుకోవాలి. విసిరేటప్పుడు పడే కుదుపును అదే భరిస్తుంది. సన్న తీగకు నేరుగా బరువైన సీసం కట్టి గట్టిగా విసిరితే తీగ తెగి సీసం తుపాకీ గుండులా పోతుంది.

సీసం 40 నుంచి 80 గ్రాముల మధ్య రెండు మూడు రకాలు ఉంచుకోండి. గుండ్రటి సీసం ఇసుక మీద దొర్లిపోతుంది, నాలుగు పలకల గోపురంలా ఉండే సీసం ఇసుకలో దిగి నిలుస్తుంది. కొక్కేల నంబర్లు కొత్తవారిని తికమక పెడతాయి: మామూలు నంబర్లలో సంఖ్య పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, పక్కన సున్నా ఉన్న వరుసలో సంఖ్య పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. ఇసుక ఒడ్డున తిరిగే చిన్న నోటి చేపలకు 6వ నంబరు, పారకు, జెల్లకు 1/0 తీసుకోండి. కొనేవారిలో చాలామంది అవసరానికి మించి పెద్ద కొక్కెం కొంటారు. చిన్న కొక్కేనికి పెద్ద చేప పడుతుంది, పెద్ద కొక్కేనికి చిన్న చేప పడదు. చేపల హార్బర్ చుట్టుపక్కల వలలు, తీగలు అమ్మే దుకాణాల్లో ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి.

రాడ్ కొనడం ఇష్టం లేనివారు చేతి గాలంతో కూడా ఈ పని చేయవచ్చు. ఖాళీ నీళ్ళ సీసాకు యాభై మీటర్ల తీగ చుట్టి, సీసా మూతి సముద్రం వైపు ఉండేలా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తీగ చివరనున్న సీసపు గుండును తల పక్కన రెండు చుట్లు తిప్పి వదిలితే, తీగ దానంతట అదే సీసా మీది నుంచి జారిపోతుంది. ముప్పై మీటర్లు సులభంగా వెళుతుంది. మొదట్లో చెప్పినట్లు చేప ఉన్నదీ అంత దూరంలోనే. చూపుడు వేలికి గుడ్డ చుట్టుకోవడం మాత్రం మరచిపోవద్దు, పరుగెత్తే తీగ బ్లేడులా కోస్తుంది.

వీటితోపాటు కొక్కెం తీయడానికి పొడుగు ముక్కు పట్టకారు, తీగ కత్తిరించే కత్తెర, ఐసు వేసిన థర్మాకోల్ పెట్టె, తలకు కట్టుకునే టార్చి, తాగే నీళ్ళు, మడమ పట్టీ ఉన్న చెప్పులు తీసుకువెళ్ళాలి. హవాయి చెప్పులు మొదటి కెరటానికే పోతాయి.

ఎర

తాజా రొయ్యను మించినది లేదు. హార్బర్‌లో గాని, దగ్గరలోని చేపల మార్కెట్లో గాని పావు కిలో చిన్న రొయ్యలు కొని, తల తీసేసి, పెంకు తీయకుండా గోరంత ముక్కలుగా కోసుకోండి. పెంకు ఉంటే ముక్క కొక్కేన్ని పట్టుకుని నిలుస్తుంది, విసిరేటప్పుడు ఊడిపోదు. కొక్కెం మొనను మాత్రం ముక్కలోంచి కొద్దిగా బయటికి కనబడనివ్వాలి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచిన రొయ్య మెత్తబడి కెరటానికి కొట్టుకుపోతుంది. పార వంటి వేటాడే చేపల కోసమైతే కవళ్ళు అనే చిన్న చేపలను అడ్డంగా ముక్కలు కోసి వాడవచ్చు. వాటి నూనె వాసన నీటిలో దూరం పాకుతుంది. స్క్విడ్ ముక్క అన్నిటికంటే గట్టిది, చిన్న చేపలు కొరికినా ఊడదు.

డబ్బు ఖర్చులేని ఎర మీ కాళ్ళ కిందే ఉంటుంది. కెరటం వెనక్కి తీసినప్పుడు తడి ఇసుక మీద చిన్న చిన్న వి ఆకారపు గీతలు కనిపిస్తే, అక్కడ వేళ్ళతో తవ్వి చూడండి. గుడ్డు ఆకారంలో ఉండి వెనక్కి నడుస్తూ ఇసుకలోకి దూరిపోయే చిన్న పీతలు దొరుకుతాయి. ఆ ఒడ్డున చేప తినేది వాటినే గనుక దానికి అనుమానం రాదు. వానపాములు మాత్రం చెరువులకే. ఉప్పునీటిలో అవి త్వరగా తెల్లబడి పాలిపోతాయి.

మొదటి సాయంత్రం: నీటిని చూడడం

నీరు బాగా తీసిన సమయానికి మీరు ఎంచుకున్న ఒడ్డుకు వెళ్ళి, అర కిలోమీటరు నెమ్మదిగా నడవండి. దూరం నుంచి చదునుగా కనిపించే ఇసుక నిజానికి చదునుగా ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా ఒక పొడవాటి గుంట, దానికి అవతల ఇసుక దిబ్బ, ఆ దిబ్బలో అక్కడక్కడ తెగిన సందులు ఉంటాయి. ఇప్పుడు బయటపడి కనిపిస్తున్న గుంటే రేపు తెల్లవారుజామున నిండుగా నీటితో ఉన్నప్పుడు చేపకు దారి అవుతుంది. ఎదురుగా ఉన్న ఒక తాటిచెట్టునో, దీపస్తంభాన్నో, దుకాణాన్నో గుర్తు పెట్టుకోండి; చీకట్లో మీకు ఆ గుర్తే ఆధారం. ఇసుకకు గుర్తు పెడితే మాత్రం ఉపయోగం లేదు.

పోటు మీద ఉన్నప్పుడు కూడా ఆ ఆకారాన్ని పై నుంచి చదవవచ్చు. దిబ్బ మీద నీరు లోతు తక్కువ కాబట్టి కెరటం అక్కడ విరిగి తెల్లని నురగ కడుతుంది. గుంట మీద నీరు నురగ లేకుండా, కొంచెం నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. నురగకూ నలుపుకూ మధ్యనున్న అంచు మీద ఎర పడాలి. దిబ్బ తెగిన సందులోంచి ఒడ్డు మీదికి వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోతుంది; రంగు మారిన నీరు, నురగ ముక్కలు సముద్రం వైపు కదలడం చూసి దాన్ని పోల్చుకోవచ్చు. ఆ ప్రవాహం మేతను లాక్కుపోతుంది కాబట్టి చేప దాని పక్కన కాచుకుని ఉంటుంది. అదే ప్రవాహం మనిషిని కూడా లాక్కుపోతుంది. ప్రశాంతంగా ఉందని నమ్మి సరిగ్గా ఆ సందులోనే స్నానానికి దిగేవారు ఏటా ఈ ఒడ్డున ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. కాబట్టి గాలం అక్కడికి పంపండి, మీరు మాత్రం వెళ్ళకండి. ఎప్పుడైనా ఆ లాగుడులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పిన తర్వాత ఒడ్డు వైపు తిరగాలి.

కట్టడం, విసరడం

కొక్కెం కట్టే ముడి ఒక్కటి నేర్చుకుంటే చాలు. తీగ కొసను కొక్కెం కన్నంలో దూర్చి జానెడు బయటికి లాగండి. ఆ కొసను అసలు తీగ చుట్టూ ఐదారు సార్లు మెలిపెట్టండి. తర్వాత దాన్ని వెనక్కి తెచ్చి, కన్నం పక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులో దూర్చండి. అలా దూర్చినప్పుడు పైన మరో పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది, కొసను దానిలోంచి కూడా తీయండి. ఉమ్మితో తడిపి, అసలు తీగను నెమ్మదిగా లాగి బిగించండి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడి, చేప లాగినప్పుడు సరిగ్గా ముడి దగ్గరే తెగుతుంది. ఇది హోటలు గదిలో పదిసార్లు అభ్యాసం చేయవలసిన పని, కెరటం ముందు టార్చి వెలుగులో నేర్చుకోవలసింది కాదు.

తీగ చివర సీసం కట్టి, దానికి జానెడు పైన ఒక కొక్కేన్ని, మూరెడు పైన మరొకదాన్ని చెట్టు కొమ్మల్లా పక్కకు వచ్చేలా నాలుగంగుళాల తీగలతో కట్టండి. సీసం నేల మీద నిలిచి, ఎర నేలకు కాస్త పైన ఆడుతుంది. మూడో కొక్కెం కట్టాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. అది తీగను చిక్కుపరచడానికి తప్ప దేనికీ పనికిరాదు.

విసిరే ముందు వెనక్కి తిరిగి చూడడం అలవాటుగా మారాలి. సీసం రాడ్ కొస నుంచి మూడు అడుగులు వేలాడేలా ఉంచి, తీగను చూపుడు వేలితో రాడ్‌కు అదిమిపట్టి, రీలు మీద తీగను పట్టి ఉంచే కమ్మీని తెరవండి. రాడ్‌ను భుజం మీదుగా వెనక్కి తీసుకువెళ్ళి, కింది చేత్తో లోపలికి లాగుతూ పై చేత్తో ముందుకు తోయండి. రాడ్ నడినెత్తి దాటి కొంచెం ముందుకు వచ్చిన క్షణంలో వేలు వదలాలి. ముందే వదిలితే సీసం ఆకాశంలోకి, ఆలస్యమైతే మీ ఎదుట ఇసుకలోకి పోతుంది. సగం బలంతో ఇరవైసార్లు విసిరితే చేతికి కొలత దొరుకుతుంది. సీసం నీటిలో పడగానే కమ్మీ మూసి, తీగ బిగుతుగా అయ్యేవరకు చుట్టి, రాడ్‌ను ఎత్తి పట్టుకోండి. ఐదు నిమిషాలకొకసారి రెండు మీటర్లు లాగి ఆపండి. కదిలిన ఎర చేప కంట పడుతుంది, పైగా గుంట అంతటినీ మీరు వెతికినట్లవుతుంది. పావుగంటలో ఒక్క కొరుకు కూడా తగలకపోతే ఎర మార్చండి, మరో పావుగంటకు చోటు మార్చండి. ఒకే చోట పట్టుదలతో నిలబడడాన్ని కొందరు ఓపిక అంటారు, నేను బద్ధకమంటాను.

తగిలిన తర్వాత

చిన్న చేప కొరికితే రాడ్ కొస టకటకమని అదురుతుంది. ఆ అదురుకు వెంటనే గుంజవద్దు. రెండోసారి బరువుగా లాగినప్పుడు రాడ్‌ను నెమ్మదిగా పైకెత్తండి. పార అయితే అడగకుండానే కొక్కెం మింగి పక్కకు పరుగు తీస్తుంది. రీలు బిగువును తీగ భరించే బలంలో మూడో వంతుకు ముందే సరిచేసి ఉంచితే, అది పరుగెత్తినప్పుడు తీగ ఇస్తుంది గాని తెగదు. ఒడ్డుకు తెచ్చేటప్పుడు కెరటంతో పోట్లాడకూడదు: కెరటం ముందుకు వస్తున్నప్పుడు దాంతోపాటు చుట్టండి, వెనక్కి తీస్తున్నప్పుడు చుట్టడం ఆపి ఊరుకోండి. చేతికందిన చేప ఎక్కువగా జారిపోయేది ఈ చివరి ఐదు మీటర్లలోనే.

రాళ్ళలోనో పాత వలలోనో కొక్కెం చిక్కుకుంటే రాడ్‌ను ఊపి ఊపి లాగవద్దు. ఒకసారి అలా లాగినప్పుడు సీసం ఊడి నా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. రాడ్‌ను తీగకు సూటిగా పట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, వెనక్కి నడవండి, తెగేది తెగుతుంది. తెగిన తీగ ముక్కలు ఇసుకలో వదలకుండా జేబులో వేసుకోవాలి. జనవరి నుంచి మార్చి వరకు రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఒడ్డులో గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటికి ఆ తీగలు ఉరితాళ్ళు అవుతాయి. తాబేలు కనిపిస్తే టార్చి ఆర్పి దూరం జరగండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి పూర్తి రక్షణ ఉంది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది జెల్ల విషయంలో. మీసాలతో నున్నగా ఉండే ఈ చేప వీపు మీద ఒకటి, రెండు పక్కల రెక్కల దగ్గర చెరొకటి రంపపు పళ్ళ ముళ్ళు నిటారుగా లేపుతుంది, వాటిలో విషం ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకోకుండా పట్టకారుతోనే కొక్కెం తీయండి. తీయడం కష్టమైతే తీగ కత్తిరించి వదిలేయండి. ఇసుక మీద పడేసి మరచిపోవద్దు, చచ్చిన జెల్ల ముల్లు కూడా చెప్పులోంచి దిగుతుంది. టేకు చేప (స్టింగ్ రే) తోక మొదట్లో ఉండే ముల్లు ఇంకా ప్రమాదకరం. మోకాటి లోతు నీటిలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకను రాస్తూ నడిస్తే కింద పడుకున్న టేకు ముందే తప్పుకుంటుంది. ముల్లు దిగితే, గాయాన్ని శుభ్రంగా కడిగి, చర్మం కాలనంతటి వేడినీటిలో అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచాలి, ఆ విషం తీవ్రత వేడికి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి తప్పక వెళ్ళాలి. పొట్టలోగాని ఛాతీలోగాని దిగినా, ముల్లు లోపల విరిగినా, రక్తం ఆగకపోయినా వేడినీటి కోసం వెతకకుండా 108కి ఫోన్ చేయండి. సముద్రపు పాము తీగకు చిక్కితే దాన్ని ఒడ్డు మీదికి లాగకుండా దూరం నుంచే తీగ కత్తిరించండి.

పొట్టను బెలూన్‌లా ఉబ్బించే చేప పడితే అది ఎంత బొద్దుగా ఉన్నా తినకూడదు. దాని కాలేయంలో, గుడ్లలో ఉండే విషం వండినా పోదు, దానికి విరుగుడు మందు కూడా లేదు. మీరు గుర్తుపట్టలేని ఏ చేపనైనా గట్టున ఉన్న జాలరికి చూపించిన తర్వాతే పెట్టెలో వేయండి. అరచేయి కంటే చిన్నవాటిని, చేతులు తడుపుకుని పట్టుకుని, వెంటనే వదిలివేయండి. పొడి చేత్తో పట్టుకుంటే వాటి ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది.

ఉంచుకునే చేపను పట్టిన వెంటనే ఐసులో పెట్టడం రుచి కోసం మాత్రమే కాదు. కానాగడతలు, కవళ్ళ వంటివి ఎండలో గంటసేపు ఉంటే వాటిలో పుట్టే పదార్థం ఒంటి మీద దద్దుర్లు, తలనొప్పి తెప్పిస్తుంది, ఎంత ఉడికించినా అది పోదు. ఇసుక ఒడ్డున పడే సన్నని వెండి రంగు చేపలను అదే ఉదయం పసుపు, కారం, ఉప్పు రాసి వేయించుకుంటే మరేమీ కలపనక్కరలేదు. జెల్ల మాత్రం చింతపండు పులుసుకే.

రాళ్ళ మీద వేయాలనుకుంటే

తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం ప్రాంతాల రాళ్ళ దగ్గర బొంత వంటి మంచి చేపలు ఉంటాయన్నది నిజమే. 2020 అక్టోబరులో లంగరు తెగిన బంగ్లాదేశ్ ఓడ కొట్టుకువచ్చి నిలిచిపోయింది కూడా ఆ రాళ్ళ మీదే. అంత ఓడను ఎత్తి కూర్చోబెట్టిన సముద్రానికి మీరు లెక్క కాదు కాబట్టి, రాయి ఎక్కే ముందు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పక్కన నిలబడి చూడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పది నిమిషాలు మామూలుగా ఉండి, ఆ తర్వాత మూడు నాలుగు పెద్దవి వరుసగా రావడం సాధారణం. రాయి ఎంతవరకు తడిసి నల్లబడి ఉందో, ఆ గీతకు పైన ఉన్న పొడి రాయి మీద మాత్రమే నిలబడాలి. పచ్చని పాచి ఉన్న రాయిని, సముద్రానికి వీపు చూపించి నిలబడడాన్ని, ఒంటరిగా వెళ్ళడాన్ని పూర్తిగా మానుకోవాలి. ఎవరైనా నీటిలో పడితే వెనుకే దూకకుండా, మూత బిగించిన ఖాళీ సీసానో, థర్మాకోల్ పెట్టెనో విసిరి 112కి ఫోన్ చేయండి. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి వెళ్ళిపోండి, కార్బన్ రాడ్ మెరుపుకు మంచి దారి.

హోటలుకు వెళ్ళాక చేపల సంగతి చూసే ముందు రాడ్‌ను, రీలును, పట్టకారును కుళాయి నీటి ధారలో, ఒత్తిడి లేకుండా కడిగి నీడలో ఆరబెట్టండి; ఒక్క రాత్రి ఉప్పు నిలిస్తే మరుసటి ఉదయానికి కమ్మీ స్ప్రింగు బిగుసుకుపోతుంది. వాడిన కొక్కేలను మిగతావాటితో కలపకుండా విడిగా డబ్బాలో వేసుకోండి, ఒక్క తుప్పు కొక్కెం డబ్బా అంతటినీ తుప్పు పట్టిస్తుంది. విమానంలో తిరిగి వెళ్ళేవారు కొక్కేలు, పట్టకారు, సీసపు గుండ్లు అన్నీ చెక్-ఇన్ సంచిలోనే పెట్టాలి.